చిన్నికి, ఆ ఒక్క నిమిషం గురించి

విశాఖపట్నం

చి. చిన్నికి,


నువ్వు పంపిన పరిశోధన ప్రతిపాదన అందింది. రెండుసార్లు చదివాను. ఇంగ్లీషు బాగుంది, బొమ్మ ఇంకా బాగుంది. నాకు పేచీ ఆ బొమ్మతోనే. ఎర్ర రక్తకణానికి తాళంకప్ప వేశావు, మలేరియా పరాన్నజీవి చేతికి తాళంచెవి ఇచ్చావు, ఈ రెంటినీ విడదీస్తే మలేరియా ఆగిపోతుందని కింద రాశావు. అది నువ్వు కల్పించింది కాదు, అన్ని పుస్తకాల్లోనూ ఉన్న బొమ్మే. అయినా అయిదేళ్లు దాన్నే నమ్ముకుని పనిచేశావంటే చివరికి నీ చేతికి వచ్చేది ఇంకో తాళంచెవి పేరు. ఆ పేర్లకేం కొదవలేదు. ఒక గది గోడంతా నింపొచ్చు.

ఇంటర్ జువాలజీలో ప్లాస్మోడియం జీవిత చక్రం నువ్వూ బట్టీ పట్టినదానివే. స్పోరోజాయిట్లు, షైజాంట్, సిగ్నెట్ ఉంగర దశ, షఫ్నర్ చుక్కలు, అన్నీ బొమ్మ వేసి భాగాలు గుర్తించినవే. అందులో మీరోజాయిట్ కొత్త ఎర్ర కణంలోకి దూరడం ఒక్క వాక్యంలో అయిపోతుంది. నీ పీహెచ్‌డీ మొత్తం ఆ వాక్యంలోపలే జరగబోతోంది కనుక, దాన్ని కాస్త విప్పి చూద్దాం.

దోమ వదిలిన స్పోరోజాయిట్లు కాలేయంలో పెరిగి, వేలకొద్దీ మీరోజాయిట్లుగా రక్తంలోకి వస్తాయి. కాలేయంలో ఉన్నంతకాలం మనిషికి ఏ బాధా తెలియదు. జ్వరం, వణుకు, రక్తహీనత, ఫాల్సిపారం రకం మలేరియా అయితే మెదడుకెక్కడం, అన్నీ రక్తంలోకి వచ్చాకే. మీరోజాయిట్ ఒకటిన్నర మైక్రోమీటర్ల పొడవుంటుంది. ఎర్ర కణం ఏడెనిమిది మైక్రోమీటర్ల వెడల్పు. బయటికొచ్చిన ఫాల్సిపారం మీరోజాయిట్‌కు దూరే సత్తా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆలోగా ఒక కణం దొరికితే 48 గంటల్లో అది పదహారు నుంచి ముప్పైరెండు దాకా అవుతుంది. దొరక్కపోతే అంతే సంగతులు.

అది ఎంచుకున్న కణమూ మామూలుది కాదు. సాల్మొనెల్లా లాంటి బాక్టీరియా పేగు కణాన్ని రెచ్చగొట్టి, ఆ కణమే తనను మింగేలా చేసుకుంటుంది. ఎర్ర కణానికి మింగడం రాదు. కేంద్రకం లేదు, కొత్త ప్రోటీన్లు చేసుకునే సరంజామా లేదు. పొర కింద స్పెక్ట్రిన్ వల ఒకటి బిగుతుగా అల్లుకుని ఉంటుంది. అలాంటిదాన్ని ఎందుకు పట్టుకుంది అంటావా? కేంద్రకం లేని కణం లోపలి శత్రువు తునకల్ని పైకి ఎత్తి చూపించలేదు. కాబట్టి టి-కణాల కంట పడకుండా లోపల పెరగొచ్చు. ఆ సౌఖ్యానికి పరాన్నజీవి చెల్లించే ధర, దూరే పనిలో ఎక్కువ భాగం తనే చేసుకోవాల్సి రావడం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ ఎందుకలా ఉన్నాయో అర్థమవుతుంది.

మొదట మీరోజాయిట్ ఏ పక్క నుంచి తగిలినా తగులుతుంది, పట్టు బలంగా ఉండదు. తగిలిన చోట ఎర్ర కణం పొర అలలా కదులుతుంది, ఒక్కోసారి పరాన్నజీవిని సగం చుట్టేస్తుంది. ఆ తర్వాత మీరోజాయిట్ తిరిగి తన మొన భాగాన్ని కణానికి ఆనిస్తుంది. పనిముట్లన్నీ ఆ మొనలోనే ఉంటాయి. మైక్రోనీమ్‌లు, రాప్ట్రీలు అనే సంచుల్లో దాచుకున్న ప్రోటీన్లు వరసలో బయటికి వస్తాయి. ముందు మైక్రోనీమ్‌ల నుంచి వచ్చినవి కణం మీది చక్కెర ప్రోటీన్లను గట్టిగా పట్టుకుంటాయి. తర్వాత రాప్ట్రీల వంతు. అవి ఒక ప్రోటీన్ల ముఠాను ఎర్ర కణం పొరలోకే ఎక్కించేస్తాయి. అందులో రాన్2 అనేది పొరకు అడ్డంగా నిలబడుతుంది. పరాన్నజీవి ఒంటిమీదున్న ఏఎంఏ1 వచ్చి ఆ రాన్2ని పట్టుకుంటుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగు. గ్రాహకం ఎవరిది? పరాన్నజీవిది. దాన్ని అందుకునే ప్రోటీన్ ఎవరిది? అదీ పరాన్నజీవిదే. ఎర్ర కణం పొర అందుకు వేదిక మాత్రం అయింది. నీ బొమ్మలోని భాషలో చెప్పాలంటే, తాళంచెవితో పాటు తాళంకప్పనూ తనే మోసుకొచ్చి తలుపుకు బిగించుకుంటోంది. ఇక ఆ బొమ్మ దేనికి పనికొస్తుంది, చెప్పు.

ఆ పట్టు ఒక వలయంలా ఏర్పడుతుంది. మీరోజాయిట్ లోపలి ఆక్టిన్, మయోసిన్ మోటారు లాగుతుంటే వలయం మొన నుంచి వెనక్కి జరుగుతూ పోతుంది, పరాన్నజీవి దానిలోంచి లోపలికి జారుతుంది. దారిలో తన పైపూత ప్రోటీన్లను ఒక ఎంజైము చేత కోయించి బయటే వదిలేస్తుంది. లోపలికి వెళ్లేసరికి చుట్టూ ఒక సంచీ తయారై ఉంటుంది, దాని పొరలో ఎక్కువ భాగం ఎర్ర కణానిదే. తగలడం నుంచి దూరడం దాకా ఇదంతా ఒక నిమిషంలోపే. కాసేపటికి ఎర్ర కణం ముళ్లుముళ్లుగా ముడుచుకుని, కొన్ని నిమిషాల్లో మళ్లీ మామూలు ఆకారానికొస్తుంది. లోపల ఉంగరం మొదలవుతుంది.

ఈ కదలికను జీవించి ఉన్న కణాల్లో మొదట స్పష్టంగా చిత్రీకరించి చూపింది 1975లో. అమెరికాలో డ్వొరాక్, లూయిస్ మిల్లర్ బృందం. వాళ్లు వాడింది ఫాల్సిపారం కాదు, కోతుల మలేరియా నోలెసి. దాని మీరోజాయిట్ కాస్త పెద్దది, చూడటానికి వీలు. ఆ పేరు ఎక్కడిదో తెలుసా? కలకత్తా ఉష్ణమండల వైద్య కళాశాలలో పనిచేసిన రాబర్ట్ నోల్స్‌ది. 1932లో ఆయన, బిరజ్ మోహన్ దాస్‌గుప్తా కలిసి అది కోతి నుంచి మనిషికి సోకగలదని చూపారు. ఆ పేరులో దాస్‌గుప్తా మాత్రం లేడు. మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడ మీద మలేరియా పరాన్నజీవిని చూశాడని బేగంపేట పిల్లలకు కూడా తెలుసు. ఆ దోమల చేత దోమకొక అణా చొప్పున కుట్టించుకున్న హుసేన్ ఖాన్ సంగతి ఎంతమందికి తెలుసు? మన రంగంలో ఇలాంటివాళ్లను మరిచిపోయే జాడ్యం మొదటి నుంచీ ఉంది. నువ్వు వాడబోయే రక్తం కూడా ఎవరో ఒకరి చేతి నరం నుంచి వచ్చిందే.

సరే, డఫీ కథకు వద్దాం. నీ ప్రతిపాదన మొత్తం దాని మీదే నిలబెట్టావు గనక ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను.

1950లో లండన్‌లో ఒక హీమోఫీలియా రోగికి పలుమార్లు రక్తం ఎక్కించాక, ఆయన రక్తంలో ఒక కొత్త ప్రతిరక్షకం బయటపడింది. ఆయన ఇంటిపేరే ఆ బ్లడ్ గ్రూపుకు వచ్చింది, డఫీ. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న వాళ్లలో చాలామంది ఎర్ర కణాల మీద డఫీ ఉండదు. అమెరికాలో సిఫిలిస్ రోగులకు చికిత్సగా మలేరియా ఎక్కించే రోజుల్లోనే, 1930లలో, నల్లజాతీయుల్లో చాలామందికి వైవాక్స్ రకం మలేరియా పట్టడం లేదని వైద్యులు గమనించారు. ఎందుకో తెలియలేదు. 1975లో మిల్లర్ బృందం డఫీ లేని మనుషుల కణాల్లోకి నోలెసి దూరలేకపోతోందని చూపింది, మరుసటి ఏడాది వైవాక్స్‌కూ అదే వర్తిస్తుందని తేల్చింది. అద్భుతమైన పని, అందులో సందేహం లేదు. తర్వాత వైవాక్స్ వైపు నుంచి డఫీని పట్టుకునే ప్రోటీన్ దొరికింది. అందులో ఏ ముక్క పట్టుకుంటుందో తేల్చిన చేతన్ చిట్నిస్ ఢిల్లీలోని ఐసీజీఈబీ అనే పరిశోధన సంస్థకు వచ్చి ఏళ్ల తరబడి దాన్ని టీకాగా మలిచే పని చేశారు. డఫీ లేకపోవడానికి కారణం జన్యువు ముందరి భాగంలో ఒకే ఒక్క అక్షరం మార్పు అని 1995లో తేలింది. ఆ మార్పు ఎర్ర కణాల్లోనే డఫీని ఆపుతుంది, మిగతా అవయవాల్లో అది మామూలుగానే ఉంటుంది.

ఇంతవరకు నువ్వూ రాశావు. నువ్వు వదిలేసినవి మూడున్నాయి, నా దృష్టిలో అసలు సంగతులు అవే.

నోలెసి మీరోజాయిట్ డఫీ లేని కణానికీ తగులుతుంది, మొన తిప్పి ఆనిస్తుంది కూడా. ఆ తర్వాత వలయం ఏర్పడదు, వదిలేసి పోతుంది. సైటోకలాసిన్ అనే మందుతో మోటారును ఆపేస్తే డఫీ ఉన్న కణం దగ్గర వలయం ఏర్పడి అక్కడే ఆగుతుంది. డఫీ లేని కణం దగ్గర వలయమే కనిపించదు, సన్నటి తీగల్లాంటివి మాత్రం ఉంటాయి. అంటే డఫీ అవసరం పడేది మొదట్లో కాదు, ఫలానా మెట్టు దగ్గర. ఏ మెట్టో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూశాకే తెలిసింది, ప్రోటీన్ల జోడీ తెలిసినంత మాత్రాన తెలిసేది కాదు.

ఇక రెండోది. డఫీ లేని కణాలను ట్రిప్సిన్‌తో కడిగి ఇస్తే నోలెసి దూరిపోతుంది! డఫీ కొత్తగా పుట్టుకు రాలేదు. పైన ఏదో తొలగింది, ఇంకో దారి తెరుచుకుంది. ఇది 1977 నాటి ఫలితం. నా విద్యార్థులకు ఇది చెప్పినప్పుడల్లా సగం మంది నమ్మేవాళ్లు కాదు.

మూడోది మడగాస్కర్. 2010లో అక్కడ డఫీ లేని మనుషుల్లో వైవాక్స్ జ్వరం కనిపించిందని ప్రచురించారు. తర్వాత ఆఫ్రికాలో ఇంకా కొన్ని చోట్ల కూడా. ముప్పై ఏళ్ల పైచిలుకు పాఠాల్లో ముగిసిపోయిన కథ మళ్లీ మొదలైంది. ఆ మనుషుల్లో పరాన్నజీవులు తక్కువగానే ఉంటున్నాయి కాబట్టి డఫీ ప్రాముఖ్యం పోలేదు. డఫీ లేకపోతే వైవాక్స్ ఇక రానే రాదన్న మాట మాత్రం పోయింది. నీ ప్రతిపాదన నాలుగో పంక్తిలో ఆ మాటే ఉంది, కొట్టేశాను.

ఫాల్సిపారం దగ్గరికొస్తే గోల ఇంకా ఎక్కువ. గ్లైకోఫోరిన్-ఎ అనే ప్రోటీన్ మీది సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకునే ఈబీఏ-175 సంగతి 1994లో స్పష్టమైంది. అదొక్కటే అయితే గ్లైకోఫోరిన్-ఎ లేని అరుదైన మనుషుల కణాల్లోకి అది దూరకూడదు. దూరుతుంది, కాకపోతే తగ్గుతుంది. సియాలిక్ ఆమ్లాన్ని న్యూరామినిడేజ్‌తో తీసేసిన కణాల మీద డీడీ2 అనే రకాన్ని పెంచితే, కొన్నాళ్లకు అది లేకుండానే దూరే పరాన్నజీవులు పైకొస్తాయి. ఒక ప్రోటీన్‌ను అడ్డుకుంటే మరోటి వాడుతుంది. ఇన్ని ప్రత్యామ్నాయాలు పెట్టుకోవడానికి ఒక కారణం మనమే. మన ప్రతిరక్షకాలు వాటిని గుర్తుపడుతూ ఉంటాయి, మనుషుల రక్తం కూడా ఒకరి రక్తంలా ఇంకొకరిది ఉండదు.

ఇన్నిటి మధ్య ప్రత్యామ్నాయం లేని మెట్టు ఒకటి దొరికింది. 2011లో ఇంగ్లండు సాంగర్ సంస్థ నుంచి గావిన్ రైట్ బృందం చెప్పింది: పరాన్నజీవి ఆర్‌హెచ్5 ప్రోటీన్, ఎర్ర కణం మీది బేసిజిన్‌ను పట్టుకోవాలి. పరీక్షించిన ఏ రకానికీ ఇందులో మినహాయింపు కనబడలేదు. ఈ పట్టు జరిగినప్పుడు రెండు కణాలూ కలిసే చోట కాల్షియం మెరుపు కనిపిస్తుంది. ఆ పట్టును ఆపితే మీరోజాయిట్ కణాన్ని కుదుపుతుంది, మొన ఆనిస్తుంది, ముందుకు మాత్రం పోలేదు. ఆర్‌హెచ్5 టీకా పరీక్ష ఇప్పుడు బుర్కినా ఫాసోలో చిన్నపిల్లల దాకా వెళ్లింది. డబ్ల్యూహెచ్ఓ 2021లో, 2023లో సిఫారసు చేసిన రెండు టీకాలూ స్పోరోజాయిట్ మీదివి, కాలేయానికి ముందే అడ్డుకునేవి. వాటిని తప్పించుకున్న ఒక్కటి చాలు, రక్తంలో కథ మొదలవడానికి. అందుకే ఈ నిమిషం మీద ఇంకా పనుంది. 2023లో మలేరియాతో పోయినవాళ్లు 5 లక్షల 97 వేలని డబ్ల్యూహెచ్ఓ అంచనా, అందులో ఎక్కువమంది ఆఫ్రికాలో అయిదేళ్లలోపు పిల్లలు.

ఏఎంఏ1 టీకా గురించి అడిగావు. మాలీలో పిల్లల మీద చేసిన పరీక్షలో, టీకాలో వాడిన రకాన్ని పోలిన పరాన్నజీవుల మీద పనిచేసింది, మిగతా వాటి మీద లేదు. అంత వైవిధ్యం దానిది.

ఇప్పుడు నన్ను ఇన్నేళ్ల తర్వాత కూడా నిద్ర లేపి కూర్చోబెట్టిన ఫలితం చెబుతాను. కెన్యాలో కిలిఫీ చుట్టుపక్కల డాంటు అనే అరుదైన బ్లడ్ గ్రూపు ఉన్న పిల్లలకు తీవ్రమైన మలేరియా చాలా తక్కువ. గ్లైకోఫోరిన్ జన్యువులు కలగాపులగమై పుట్టిన రకం అది. అందరూ గ్రాహకం మారిపోయి ఉంటుందనే అనుకున్నారు. 2020లో వచ్చిన పేపరు చూస్తే, ఆ కణాల పొర బిగువు ఎక్కువ. బిగువు ఒక హద్దు దాటితే మీరోజాయిట్ దూరలేదు. డాంటు లేని మామూలు మనిషి రక్తంలో కూడా బిగువైన కణాలను అది వదిలేస్తుంది. ఇక్కడ విషయం గ్రాహకం ఉందా లేదా అన్నది కాదు, పొర వంగుతుందా లేదా అన్నది. దాన్ని కొలవడానికి కావలసినది ఓపిక, వెచ్చటి వేదిక ఉన్న సూక్ష్మదర్శిని, మంచి వీడియో కెమెరా.

కాబట్టి నా సలహా ఇది. ఏ ప్రోటీన్ ఎవరిని పట్టుకుంటుంది అని మొదలెట్టకు. ఈ కణంలోకి ఎందుకు దూరలేకపోయింది, ఏ క్షణంలో ఆగిపోయింది అని మొదలెట్టు. దూరిన వాటిని లెక్కపెట్టడం తేలిక, మరుసటి రోజు జీమ్సా రంగు వేసిన స్లైడులో ఉంగరాలు లెక్కపెడితే సరి. తగిలి, కుదిపి, మొన ఆనించి, వదిలేసి పోయినవి ఆ స్లైడులో కనపడవు. నీకు కావలసిన జవాబులు వాటి దగ్గరున్నాయి. ఉంగరాలు సగానికి తగ్గాయంటే ఏ మెట్టు దెబ్బతిందో ఆ అంకె చెప్పదు. షైజాంట్ పగలకపోయినా అదే అంకె, దూరాక లోపల చచ్చినా అదే అంకె.

సికిల్ సెల్ విషయంలో జరిగే గందరగోళం ఇదే. అది మలేరియా నుంచి కాపాడుతుందని ఆంథొనీ అలిసన్ 1954లో చూపాడు. మన ఏజెన్సీ గిరిజనుల్లోనూ ఆ జన్యువు ఉంది. నువ్వు దాన్ని ప్రవేశం ఆగే ఉదాహరణల్లో రాశావు. ఆక్సిజన్ సరిపడా ఉన్నప్పుడు సికిల్ వాహకుల కణాల్లోకి పరాన్నజీవి మామూలుగానే దూరుతుంది. తేడా ముఖ్యంగా ఆక్సిజన్ తగ్గిన చోట, అక్కడ అది సరిగా ఎదగలేదు. ఆ పేరా అక్కణ్నుంచి తీసెయ్యి.

కల్చర్ గురించి భయపడుతున్నావు. 1976లో ట్రేగర్, జెన్సెన్ న్యూయార్కులో ఫాల్సిపారాన్ని మొదటిసారి సీసాలో నిరంతరం పెంచారు. ఆ తొలి రోజుల్లో వాడింది మనిషి రక్తం, బజారులో దొరికే ద్రావకం, మూత పెట్టిన పాత్రలో వెలిగించిన కొవ్వొత్తి. కొవ్వొత్తి ఆరిపోయేసరికి ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, దానికి కావలసిందీ అదే. నువ్వు సిలిండర్ గ్యాసు వాడతావు, తేడా అంతే. కల్చర్‌కు ఆదివారం లేదు, సంక్రాంతి లేదు. ఎవరితోనైనా వంతులు మాట్లాడుకో. ప్రతి వారం కొత్త రక్తం వచ్చినప్పుడు దాత సంకేతం, గ్రూపు, ఎన్నాళ్ల నిల్వ అన్నీ రాసిపెట్టు. ప్రయోగం ఈ వారం ఒకలా, పై వారం ఇంకోలా వస్తే ముందు అనుమానించాల్సింది రక్తాన్నే. రక్తం మారితే ఫలితం మారిందంటే దాన్ని చెత్తబుట్టలో వెయ్యకు, డాంటు లాంటివి అక్కడే దొరుకుతాయి.

వైవాక్స్ మీద మోజుందని తెలుసు. అది లేత ఎర్ర కణాలనే ఎంచుకుంటుంది, అవి రక్తంలో నూటికి ఒకటో రెండో. సీసాలో ఎడతెగకుండా పెంచడం ఇంకా ఎవరికీ సరిగా చేతకాలేదు. రోగి రక్తం దొరికిన రోజే పని. నీకు ఫెలోషిప్ అయిదేళ్లే. దాని డఫీ ప్రోటీన్‌ను నోలెసిలో పెట్టి చూసే దారి ఉంది. నోలెసిని ఇప్పుడు మనిషి రక్తంలోనే పెంచుతున్నారు. మీ గైడును అది అడుగు.

పీహెచ్‌డీ మొదలవకముందే ఒకసారి మన్యం వెళ్లిరా. పాడేరు వైపు వానాకాలం జ్వరాల రోజుల్లో ఆశా కార్యకర్తతో కలిసి ఊళ్లు తిరుగు. అక్కడ ఫాల్సిపారమే ఎక్కువ. వేలు పొడిచి కిట్‌లో గీత కోసం చూసేటప్పుడు, స్లైడు మీద రక్తం పూసేటప్పుడు పక్కన ఉండు. చలిజ్వరంతో మూడోరోజు ఎలా ఉంటుందో వాళ్లని అడుగు, చెబుతారు. నీ సీసాలోని 48 గంటలకూ వాళ్ల వణుకుకూ సంబంధం పుస్తకంలో చదివినదానికంటే బాగా తెలుస్తుంది. డెంగీ, చికున్‌గున్యా కూడా తిరిగే కాలం, దోమతెర, క్రీము మర్చిపోకు. మీ అమ్మ నన్ను తిడుతుంది.

బొమ్మ తీసేసి, దాని చోట ఒక కాలరేఖ వెయ్యి: తగలడం, తిరగడం, పట్టు, వలయం, జారడం, ముడుచుకోవడం. ఒక్కో మెట్టు దగ్గర ఎన్ని సెకన్లు, ఏం పెడితే అక్కడ ఆగుతుంది, ఆగినట్టు ఎలా చూస్తావు, అవి రాయి. హెపారిన్ వేస్తే ప్రవేశం ఆగుతుంది, సైటోకలాసిన్‌తో వలయం దగ్గర ఆగుతుంది, ఆర్‌హెచ్5 ప్రతిరక్షకంతో దానికి ముందే. ఈ మూడూ నీ దగ్గర పనిచేస్తున్నాయని చూపించాకే నీ కొత్త కణాల జోలికి వెళ్లు. మీ ల్యాబులో వీడియో తీసే సూక్ష్మదర్శినికి 37 డిగ్రీల వేదిక ఉందో లేదో రేపే కనుక్కో. లేకపోతే ప్రతిపాదన మొత్తం మార్చాలి, అది ఇప్పుడే తెలియడం మంచిది. దిద్దిన ప్రతి దీంతోపాటు పంపుతున్నాను. దసరాలోపు కొత్తది పంపు, కాగితం మీదే పంపు. ఫోనులో చదవలేను.

నీ
పెద్దమ్మ